తీరిగ్గా చూసి సంతకం పెట్టండి

“నా గురించి” అనే పెట్టెలో పొద్దున ఎనిమిదింటికి పన్నెండు వాక్యాలున్నాయి. తొమ్మిదిన్నరకి ఐదు మిగిలాయి. “అపారమైన అనుభవం”లోంచి ముందు “అపారమైన” ఎగిరిపోయింది. కాసేపటికి “అనుభవం ఉంది” అనడం కూడా గొప్పలు పోవడంలాగే కనబడి అదీ పోయింది. కామాక్క కుడిచేతి చూపుడువేలు చెరిపే మీట మీదే కాపురం పెట్టింది.

“అయిందా అక్కా నీ పేజీ?” కుట్టుమిషను ముందు నుంచి చెల్లెలు అడిగింది.

“అవుతోంది.”

“పొద్దుట్నుంచీ అవుతూనే ఉంది. నేను గుడ్డ కత్తిరిస్తే చొక్కా వస్తుంది. నువ్వు కత్తిరిస్తే ఏమీ మిగలట్లేదే!”

కామాక్క ఇంకో మాట చెరిపింది. ఆమెకి యాభై ఏడేళ్లు. బక్కపలచని మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫుల మీదికి వంగి పనిచేయడం వల్ల ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త పైకి లేచి ఉంటుంది. మధ్యవేలి మీద పెన్ను ఒత్తుకున్న చోట శనగగింజంత కాయ కాసింది. కామాక్క అన్నది ప్రెస్సు వాళ్లు పెట్టిన పేరు. చావు కబురు చేతిలో పెట్టినా ఈవిడ ముందు కామాలు దిద్ది తర్వాత ఏడుస్తుందని ఫోర్‌మన్ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా.

ఆ ప్రెస్సు మూతబడి రెండేళ్లయింది. అప్పట్నుంచీ ఎవరో ఒకరి పరిశోధనా వ్యాసమో, ఏదో కంపెనీ కరపత్రమో వస్తే దిద్దిపెడుతోంది. నెల కిందట ఊళ్లోని పెద్దాసుపత్రి ఒక ప్రకటన ఇచ్చింది. రోగులకిచ్చే సూచనల పత్రాలన్నిటినీ మామూలు జనానికి అర్థమయ్యేలా అనువదించి, దిద్దిపెట్టేవాళ్లు కావాలి. జాబితాలో పేరెక్కితే మూడేళ్లు పని. సరిగ్గా ఆమె చేయగల పని, ఆమె చేయాలనుకున్న పని. ఒకటే మెలిక. దరఖాస్తుతో పాటు సొంత వెబ్‌సైటు లింకు పంపాలి. ఆఖరి గడువు ఇవాళ సాయంత్రం ఐదు గంటలు.

సైటు కట్టుకోవడం చాలా తేలికని, సైట్లకి చోటిచ్చే కంపెనీ వాడు రాసుకున్నాడు. వాడి తేలిక తగలెయ్యా! “మీ వృత్తిని ఎంచుకోండి” అంటూ ఒక పట్టిక ఇచ్చాడు. అందులో జుట్టు కత్తిరించేవాళ్లున్నారు, కుళాయిలు బిగించేవాళ్లున్నారు, కుక్కల్ని షికారుకి తిప్పేవాళ్లు కూడా ఉన్నారు. సంపాదకులు లేరు, అనువాదకులు లేరు. కామాక్క కిందిదాకా వెతికి, చివరికి “ఇతరులు” మీద నొక్కింది. పేజీ నెత్తిన పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ వచ్చి కూర్చుంది. దాన్ని తీసేస్తే ఆ చోట బూడిదరంగు గడి మిగిలింది. మళ్లీ ఆ అమ్మాయినే పిలుచుకోవాల్సి వచ్చింది.

అసలు సమయం తినేసింది మాత్రం కామాక్క బుద్ధే. సైటు వాడి సూచనలన్నీ యంత్రం చేసిన తెలుగులో ఉన్నాయి. “మీ ఇల్లు పుట విజయవంతంగా పుట్టబడింది” అని కనబడేసరికి ఆమెకి ఒళ్లు మండింది. తన పేజీ పక్కన పెట్టి, వాడి తప్పులన్నీ వరుసగా రాసి, పక్కన సరైన వాక్యాలు రాసి, మొత్తం ముప్ఫై నాలుగు దిద్దుబాట్లు వాడికి పంపింది. గంటంబావు పట్టింది. ఎవరూ అడగలేదు. “మీ సందేశం అందినది అయినది” అని జవాబొచ్చింది.

“ముప్ఫై అయిదు,” అంది పళ్లు నూరుతూ.

పదకొండు దాటాక అసలు చిక్కు వచ్చిపడింది. పేజీ అడుగున “మా ఖాతాదారులు ఏమంటున్నారు” అని ఒక పెట్టె ఉంది. నింపకపోతే “ఇక్కడ మెచ్చుకోలు రాయండి” అన్న మాటలు ఊరందరికీ కనబడతాయి. తీసేద్దామంటే పోదు. సహాయం కోసం రాస్తే, ఆ పెట్టె వ్యాపారానికి ఎంత మంచిదో మూడుసార్లు అదే జవాబు వచ్చింది. కామాక్క కుర్చీలో వెనక్కి వాలి, వెనకున్న పుస్తకాల అర వైపు చూసింది. రెండు వందల పైచిలుకు పుస్తకాలు. అన్నిట్లోనూ ఆమె చేయి ఉంది. ఒక్కదానిలోనూ పేరు లేదు.

“డాక్టరుగారినే అడగరాదూ,” అంది చెల్లెలు, సూదిలో దారం ఎక్కిస్తూ. “నాలుగు ముక్కలు రాయరా ఏమిటి?”

అడగాలని కామాక్కకి నెల రోజులుగా ఉంది. మొహమాటం. డాక్టరుగారు రెండు వీధుల అవతల కింది వాటాలో ఉంటారు. ఎనభై రెండేళ్ల ఎముకల వైద్యుడు. నడుము మీద, మోకాళ్ల మీద, మెడ మీద పదకొండు పుస్తకాలు రాశారు. మొదటి పుస్తకంలో ఆయన వాక్యాలు సగానికి సగం కొట్టేస్తే ప్రెస్సుకొచ్చి ఇంతెత్తున లేచారు. అప్పుడు కామాక్క ఆయనకో విద్య నేర్పింది. కొట్టేసిన మాట పోవడం ఇష్టం లేకపోతే దాని కింద వరసగా చుక్కలు పెట్టండి. ఉన్నది ఉన్నట్టు ఉంచమని అర్థం. మేం కిక్కురుమనకుండా ఉంచుతాం. ఇక అప్పట్నుంచీ ఆయన ప్రూఫులు చుక్కలతో నిండిపోయి వచ్చేవి.

ఒక్కసారి మాత్రం రాలేదు. ఆరో పుస్తకం ముందుమాటలో ఆయన కామాక్క పేరు రాశారు. దిద్దేవాళ్లు పుస్తకంలో కనబడకూడదని ఆమె తన పేరు తానే కొట్టేసింది. ఆ పేజీ చుక్కలు లేకుండా తిరిగొచ్చింది, పుస్తకం అలాగే అచ్చయింది. తొందరలో ఆయన గమనించి ఉండరు. కామాక్క మాత్రం ఇరవై ఏళ్లుగా ఆ సంగతి మరవలేదు. ఎవరితోనూ అనలేదు కూడా.

ఆమె వెళ్లేసరికి డాక్టరుగారు కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. కూతురు బడికి వెళ్లింది, ఆవిడ అక్కడ టీచరు. విషయం విని ఆయన పాత మందులచీటీల పుస్తకం తీసి, వెనకవైపు గబగబా రాసి చేతిలో పెట్టారు.

“నా పుస్తకాలు పదకొండూ ఈ అమ్మాయి దిద్దింది. నేను రాసింది తోటి డాక్టర్లకే అర్థమయ్యేది కాదు. ఈమె చేయి పడ్డాక మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు కూడా చదువుకుని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పులో సగం ఈమెది. సగం కన్నా ఎక్కువే. ఇంత మంచి మనిషి మళ్లీ దొరకదు.”

కామాక్కకి చెవులు వేడెక్కాయి. ఏం చేయాలో తోచక, చేతికి అలవాటైన పనే చేసింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. “ఇంత మంచి మనిషి” పోయింది. “సగం” పోయింది. ముసలమ్మలు పోయారు. తోటి డాక్టర్లు నొచ్చుకుంటారని వాళ్లూ పోయారు. మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది.

డాక్టరుగారు కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకున్నారు. “ఏమ్మా, ఇది మెచ్చుకోలా, హాజరు పట్టీయా?”

“ఇది చాలండి.”

“సరే, ఆ పెన్ను ఇలా తే. సంతకం పడేస్తాను.”

చాచిన చేతికి పెన్ను ఇస్తే అయిపోయేది. కామాక్క ఇవ్వలేదు. దిద్దినవాళ్ల ఎదుట రచయిత సంతకం చేయకూడదన్నది ఆమె నియమం. మొహమాటానికి ఒప్పేసుకుంటారు. ఒక్కరే కూర్చుని మొత్తం చదువుకుని, అప్పుడు పెట్టాలి. ఆ సంతకం లేకుండా ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క పేజీ కూడా ఆమె అచ్చుకి పంపలేదు.

“తీరిగ్గా చూసి సంతకం పెట్టండి డాక్టరుగారూ. నాలుగింటికి వచ్చి తీసుకెళ్తాను.”

“ఎప్పుడూ ఇదే పాట!” ఆయన నవ్వబోయి దగ్గారు. “సరేలే. ఇవాళ కాస్త ఆయాసంగా ఉంది. కాసేపు కళ్లు మూసుకుని, చూస్తాను.”

ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని, కామాక్క మళ్లీ తెర ముందు కూర్చుంది. నవ్వే అమ్మాయి నవ్వుతూనే ఉంది. “నా గురించి”లో రెండు వాక్యాలే మిగిలాయి. మూడున్నరకి చెల్లెలు ఊరుకోలేకపోయింది.

“ఆయన రాసింది నీకు నోటికొచ్చు కదా, ఎక్కించి పంపెయ్. సంతకం తర్వాత తెచ్చుకో.”

“సంతకం లేకుండానా?”

“ఎవరడుగుతారే నిన్ను?”

“నేనడుగుతాను,” అంది కామాక్క, చెప్పులు వేసుకుంటూ.

డాక్టరుగారి గేటు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో పక్కింటివాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. కూతురు మెట్టు మీద కూర్చుని ఉంది, బడి సంచి ఇంకా భుజానే వేలాడుతోంది.

“మూడింటికి వచ్చానండీ,” అంది కామాక్కని చూసి. “కుర్చీలో నిద్రపోతున్నారనుకున్నాను. టీ పెట్టుకొచ్చి లేపాను.”

కామాక్క ఆమె పక్కనే మెట్టు మీద కూలబడింది. ఎవరో డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. ఎవరెవరో లోపలికి వెళ్లి వస్తున్నారు. పొద్దున ఆయాసంగా ఉందన్నారు, తను విని కూడా కాగితం గురించే ఆలోచించింది. చాచిన చెయ్యి కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అప్పుడు పెన్ను ఇచ్చి ఉంటే ఏం మునిగిపోయేది? తన మీద తనకే అసహ్యం వేసింది. సంచిలో ఫోను ఒకసారి కదిలి ఆగింది. తీసి చూస్తే ఐదూ రెండు. దరఖాస్తుల గడువు ముగిసిందని ఆసుపత్రి పంపిన సందేశం. ఫోను తిరిగి సంచిలో పడేసింది.

లేవబోతుంటే కూతురు లోపలికి వెళ్లి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చింది. “ఇది ఆయన ఒళ్లో ఉందండి. మీరొస్తారని మధ్యాహ్నం ఫోన్లో చెప్పారు. మీకిమ్మన్నారు.”

దారిలో కామాక్క దాన్ని విప్పలేదు. ఇంటికెళ్లి బల్ల మీద పరిచింది. చెల్లెలు మిషను ఆపి వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

ఎర్రగా కొట్టేసిన మాటలన్నిటి కింద నీలం సిరా చుక్కలు. వరస వంకరటింకరగా పోయింది. కానీ ఒక్క మాటనీ వదల్లేదు. తోటి డాక్టర్లు వెనక్కి వచ్చారు, ముసలమ్మలు వచ్చారు. “సగం” కింద చుక్కలు, “ఎక్కువే” కింద చుక్కలు. “ఇంత మంచి మనిషి” కింద రెండు వరసలు.

కామాక్క ఏడ్చింది. “పదకొండూ” తర్వాత ఉండాల్సిన కామా లేదని ఆమెకి కనబడింది, కనబడినా ఏడుస్తూనే ఉంది.

“సంతకం ఏదక్కా?” చెల్లెలు మెల్లగా అడిగింది.

“పెట్టలేదే.”

ముఖం కడుక్కుని వచ్చి కుర్చీ ముందుకి జరుపుకుంది. అడుగున ఉన్న పెట్టె తెరిచి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం మొదలుపెట్టింది. “ఇంత మంచి మనిషి” దగ్గర వేలు చెరిపే మీట మీదికి వెళ్లి, కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది. చివరి వాక్యం కూడా ఎక్కించి, కింద డాక్టరుగారి పేరు రాసి, “ప్రచురించు” మీద నొక్కింది. గడువు దాటిపోయింది, చూసేవాళ్లు ఇక ఎవరూ లేరని ఆమెకి తెలుసు.

“అన్నం పెడతాను, రా,” అని చెల్లెలు లోపలికి నడిచింది. కామాక్క ఆమె వెనకే వెళ్లింది.

బల్ల మీద మందులచీటీ మడతల దగ్గర కొద్దిగా పైకి లేచి ఉంది. దాని అడుగున, సంతకం రావాల్సిన చోట, పెన్ను ఆన్చి ఆపేసిన నీలం చుక్క ఒకటి ఉంది.