రాస్తాడట, చదవలేడట!

కరీంనగర్ డాక్టరు ఫిల్మ్ చూపించి మరీ చెప్పాడు. మా ఆయన రాయమల్లు మెదడులో వెనక వైపు, అక్షరాలను గుర్తుపట్టే చోటికి రక్తం అందలేదట. కళ్లు బాగున్నాయట, మాట బాగుందట, చెయ్యి రాస్తుందట. చదవడం ఒక్కటే పోయిందట. ఎక్కడైనా ఉంటుందా ఈ విడ్డూరం? చదవలేనివాడు ఎలా రాస్తాడు? "రాసే దారి వేరమ్మా, చదివే దారి వేరు" అన్నాడు డాక్టరు. తలూపి వచ్చాను గానీ ఒక్క ముక్క నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. మా బొగ్గుబాయి కార్మికుల కాలనీల్లో యాభై దాటిన మగాడికి జబ్బు చేస్తే ముందు అడిగేది "ఎట్లున్నడు" అని కాదు, "అన్‌ఫిట్ అయితడా" అని. కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే తండ్రి బదులు కొడుక్కి ఉద్యోగం వస్తుంది. మా అబ్బాయి వీరేందర్ డిగ్రీ చేసి, కోచింగ్ అంటూ హైదరాబాద్‌లో తిరుగుతున్నాడు. ఇక చెప్పేదేముంది!

పక్క క్వార్టర్ జైపాల్ మా ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేస్తాడు. పరామర్శకు వచ్చి, టీ తాగి, వెళ్తూ గేటు దగ్గర గొంతు తగ్గించాడు. "వదినా, అందరు నడుము నొప్పంటరు, చెవులు వినబడయంటరు. అన్న కొత్తది పట్టిండు. మస్తు దిమాక్!" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బోర్డుకు అబద్ధం చెప్పు, జైపాల్‌కు చెప్పు, లోకమంతటికీ చెప్పు. నాకెందుకు చెప్పాలి? ఇన్నేళ్ల కాపురంలో నా దగ్గర ఏదీ దాచని మనిషి ఇప్పుడు నా ముందే నాటకమాడుతున్నాడన్నదే నా బాధ. చెవిలో ఒక్క మాట వేస్తే నేనూ కలిసి ఆడేదాన్ని కదా!

ఇక కనిపెట్టడం మొదలుపెట్టాను. మాత్రలు సరిగ్గానే వేసుకుంటాడు. అడిగితే "రంగు గుర్తువట్టిన" అంటాడు. పేపరు రాగానే విప్పుతాడు. అడిగితే "బొమ్మలు చూస్తున్న" అంటాడు. ఒకరోజు కాగితమిచ్చి వాళ్లమ్మ పేరు, ఊరు పేరు రాయమన్నాను. తడుముకోకుండా రాశాడు. కూరకు పోపు పెట్టి వచ్చి అదే కాగితం చూపిస్తే, పరాయి రాత చూసినట్టు చూసి "ఏమున్నదే గిండ్ల?" అన్నాడు. అబ్బబ్బ, ఏం నటన!

మరునాడు టీలో ఉప్పు కలిపి, గ్లాసు పక్కనే "ఉప్పేసిన, తాగకు" అని రాసిపెట్టాను. తాగి, వాకిట్లోకి ఉమ్మేసి, "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అరిచాడు. ఆ అరుపుకు సగం నమ్మాను. సాయంత్రానికి మళ్లీ అనుమానం తలెత్తింది. దొరక్కుండా ఉండడానికి తాగి ఉండొచ్చు కదా! గుక్కెడు ఉప్పు టీకి వెనకాడే మనిషా?

రేపు ఆయన బోర్డు ముందుకు వెళ్లాలనగా ఈ సంగతి తేల్చుకుందామనుకున్నాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి, వరండాలో టీపాయి మీద ఎప్పటిలాగే బొగ్గుదుమ్ము పరుచుకుంది. తుడవబోయి ఆగాను. ఉక్రోషం పట్టలేక ఆ దుమ్ములో వేలితో పెద్దగా "దొంగ" అని రాశాను. చదువొచ్చినవాడు అక్షరాన్ని చూసి చదవకుండా ఉండలేడు, మొహంలో ఎక్కడో ఒకచోట బయటపడి తీరతాడు. కర్టెన్ వెనక నిలబడ్డాను.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టీపాయి వైపు చూశాడు. మొహంలో ఏమీ లేదు. నేను పళ్లు నూరుకున్నాను. అప్పుడు ఊరికే, ఏమీ తోచనట్టు, నేను గీసిన గీతలో వేలు పెట్టి మెల్లగా తిప్పాడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. పెదాలు కదిలాయి.

"రమా! జల్ది రా! అక్షరం దొరికింది! కండ్లతోటి కాదే, వేలితోటి! ఎట్ల రాస్తమో అట్ల తిప్పితె నోట్లెకు వస్తున్నది! దొం... గ. దొంగ! చదివిన రమా, చదివిన!"

కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ సంతోషం ఎవరూ నటించలేరు. ఆ మొహం నాకు తెలియదా! కర్టెన్ పక్కకు తోశాను.

కాసేపటికి నవ్వు ఆగింది. చదివిన మాటకు అర్థమేమిటో అప్పుడే తట్టినట్టుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. బయటికి వచ్చిన నన్ను చూసి, "ఎవలు రాసిన్రే గిది?" అన్నాడు.

పక్కింటి పిల్లలని చెబుదామని నోటిదాకా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోతున్నా అబద్ధం మాత్రం పెగల్లేదు. "నేనే" అన్నాను.

తల వంచుకుని ఆ అక్షరాల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత వాటిని అరచేత్తో చెరిపేసి, నా చెయ్యి పట్టి లాగి, టీపాయి మీద ఇంకా దుమ్మున్న వైపు పెట్టాడు.

"ఇంకోటి రాయి" అన్నాడు. "గిది కాకుండ."