నాలుగు రోజుల నీళ్ళు

చెంబు అంచును గోడకు ఆనించి, పసిబిడ్డకు పాలు పట్టినంత నెమ్మదిగా నీళ్ళు వదులుతున్నాడు మేస్త్రీ. విసిరికొడితే కొత్త సిమెంటు పూత లేచిపోతుంది. పైపైన చిలకరిస్తే గోడ గొంతు తడవదు. ప్రసంగ వేదిక మీదుగా ఉన్న కమాను అంచు పొడుగునా అలా తడుపుకుంటూ, పరంజా చెక్కల మీద మోకాళ్ళతో జరుగుతున్నాడు. పూత వేసి ఇవాళ్టికి పదకొండో రోజు. పది రోజులు చాలని చేయి తిరిగిన పనివాడెవరైనా చెబుతాడు. మేస్త్రీ మాత్రం ఇరవై ఒకటికి తగ్గనంటాడు.

అందుకే నీళ్ళ మేస్త్రీ అన్న పేరు వచ్చింది. ఆ పేరు వచ్చి మూడేళ్ళే అయింది. "ఆయన చేత అరుగు కట్టించుకుంటే ముందు ఈత నేర్చుకోవాలి" అని తోటి పనివాళ్ళు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సిమెంటు తిన్న వేళ్ళ చివర్లలో ఎప్పటికీ మానని పగుళ్ళు, ఎడమ బొటనవేలి గోరు నల్లగా, మోకాళ్ళు రెండూ కాయలు కాచి ఎద్దు మూపుల్లా ఉంటాయి. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని సంఘ పెద్దల బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియదు.

చెంబు పక్కన పెట్టి, వేలి కణుపుతో అంచు మీద కొట్టి చెవి ఆనించాడు. గట్టిగా పలికింది. జానెడు జరిగి మళ్ళీ కొట్టాడు. గట్టిగానే ఉంది. అయినా ఇంకోసారి కొట్టాడు. ఈ అలవాటు కూడా మూడేళ్ళ నాటిదే. తలుపు కొడతాడు, బల్ల కొడతాడు, అన్నం ముందు కూర్చుని కంచం పక్కన నేలను కొడతాడు. "నిద్రలో మంచం పట్టె కొడుతున్నావు తెలుసా? లోపల ఎవరున్నారని?" అని అడిగింది భార్య ఒక ఉదయం.

మూడేళ్ళ కిందట ఒక శనివారం మధ్యాహ్నం, ఇదే అంచు మూరెడు మేర ఊడిపడింది. కింద బల్ల మీద గుడ్డ సర్దుతున్న పాస్టరు అయ్యగారి భార్య తల మీద పడింది. ఏడు వారాలు మంచంలో ఉండి ఆవిడ వెళ్ళిపోయింది. పాత కట్టడం, మన చేతిలో ఏముంది అన్నారు సంఘంలో. చెక్కలు అడ్డంగా కొట్టి ఈమధ్య దాకా ఊరుకున్నారు. ముందు మూడు వరసల్లో కూర్చోవడం ఎవరూ చెప్పకుండానే అందరూ మానేశారు. అయ్యగారు మాత్రం వేదిక నడుమ నుంచి రెండడుగులు ఎడమకు జరిగి, మూడేళ్ళూ అక్కణ్ణుంచే ప్రసంగాలు చెప్పారు.

కట్టడం పాతదే. ఆ అంచు పాతది కాదు. అది పడడానికి తొమ్మిదేళ్ళ ముందు మేస్త్రీ తన చేతులతో కట్టిందే.

"బావా! ఇంకా తడిపావంటే చేపలు పెంచుకోవాలి. కిందికి దిగు" అని కేక వినిపించింది. సంఘ కార్యదర్శి. మేస్త్రీ భార్యకు అన్న, వృత్తికి దర్జీ. మెడలో కొలతల టేపు తీయడం ఇవాళ కూడా మర్చిపోయాడు. చంకలో నల్ల అట్ట పుస్తకం ఉంది. మందిరానికి ఎప్పుడు ఏ మరమ్మతు జరిగిందో, ఎందుకు జరిగిందో రాసే పుస్తకం.

వెనకే టీచరమ్మ వచ్చింది. ఉద్యోగం మానేసి ఏడేళ్ళయినా అందరూ ఆమెను టీచరమ్మ అనే అంటారు. సంఘంలో మూడో పెద్ద. చేతిలో చీపురు.

"పది గంటలకు అయ్యగారి సామాను పట్టుకెళ్ళే బండి వచ్చేస్తుంది. శనివారానికి ఆయన చోటుకి కొత్త పాస్టరు దిగుతాడు. ఈ పరంజా ఇలాగే ఉంటే పందిరి వేసి పిలిచారనుకుంటాడు" అంది ఆవిడ.

"పరంజా ఉంటుందక్కా. ఇంకో పది రోజులు నీళ్ళు పట్టాలి."

"నీ నీళ్ళు నువ్వు పట్టుకో తమ్ముడూ. నా బెంచీల మీద చుక్క పడిందో, నీతోనే తుడిపిస్తాను."

కార్యదర్శి పుస్తకం తెరిచాడు. "ఒక చిక్కొచ్చింది బావా. కొత్తాయన ఉత్తరం రాశాడు. ఇద్దరు చిన్నపిల్లలట. ముందు వరసలో కూర్చుంటారట. ఆ అంచు ఎందుకు పడిందో రాసి చూపించమంటున్నాడు. చూస్తే ఇక్కడ 'కారణం' అన్నచోట మూడేళ్ళుగా ఖాళీ. ఏం రాయమంటావు?"

మేస్త్రీ కిందికి దిగి, తడి చేతులు పంచె అంచుకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"పాతబడింది అని రాసేయనా?"

"సాయంత్రం రాద్దాంలే బావా" అన్నాడు మేస్త్రీ.

"ఇంత చిన్న ముక్కకి సాయంత్రం దాకా ఎందుకు?" అని గొణుక్కుంటూ కార్యదర్శి పుస్తకం మూశాడు. ఇద్దరూ అయ్యగారి ఇంట్లో సామాను సర్దడానికి వెళ్ళారు. మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. మందిరంలో తను ఒక్కడే ఉన్నానని మూడేళ్ళుగా అతనికి అనిపించలేదు. ఎప్పుడూ ఇంకెవరో ఉన్నట్టే ఉంటుంది.

అయ్యగారి భార్య ఆ రోజు బల్లకు ఆ వైపు నిలబడి తల పైకెత్తి అడిగింది. పన్నెండేళ్ళ కిందటి మాట. కమాను కొత్తగా కట్టి, పూత వేసి, ఆరు రోజులుగా నీళ్ళు పడుతున్నాడు. ఆదివారం ప్రతిష్ఠ. ఆవిడ తన చేతులతో కుట్టిన తెల్లగుడ్డ బల్ల మీద పరిచింది. పైనుంచి కారిన సిమెంటు నీళ్ళు దాని మీద బూడిదరంగు చుక్కలు వేశాయి.

"మేస్త్రీ, ఆ నీళ్ళు ఇక ఆపవా? గుడ్డ పాడవుతోంది."

ఇంకా నాలుగు రోజులు తడి ఉండాలి, గుడ్డ తీసేయండమ్మా అని చెప్పాలి పనివాడు. మేస్త్రీకి అది తెలుసు. అయినా, వచ్చిన మాట వేరు. "సరేనమ్మా" అన్నాడు. ఆ మాట నోట్లోంచి జారినంత తేలిగ్గా ఇంకేదీ జారలేదు అతని జన్మలో.

అంచు పడిన రోజు, ఆవిణ్ణి బండిలో తీసుకెళ్ళాక, మేస్త్రీ ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పిండిలా రాలింది. ఇంకెవరూ నలిపి చూడకముందే అంతా ఊడ్చి గోతంలోకి ఎత్తి, దూరంగా తీసుకెళ్ళి పారబోసి వచ్చాడు. అందరూ అతని బాధ్యతను మెచ్చుకున్నారు.

ఆ తరవాత ఒక్కసారే ఆవిణ్ణి చూడడానికి వెళ్ళాడు. తలకు కట్టు, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అతన్ని చూసి పెదవులు కదిపి, "నీళ్ళు" అంది. పక్కనున్న టీచరమ్మ గబగబా చెంచాతో నీళ్ళు పోసింది. ఆవిడ మింగలేదు. చెంపమీదుగా కారిపోయాయి. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి. దాహమే వేసిందా? ఇంకేదైనా చెప్పబోయిందా? అడగడానికి ఇంక ఎవరూ లేరు.

వెనక చెప్పుల చప్పుడయింది. మేస్త్రీ ఉలిక్కిపడి తిరిగాడు. అయ్యగారు. పద్దెనిమిదేళ్ళు ఉన్నచోటును చివరిసారి చూసుకోవడానికి వచ్చినట్టున్నారు. ప్రయాణానికని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కాలరు గుండీ ఒకటి మరో కాజాలోకి పోయింది. చూసి చెప్పేవాళ్ళు లేరు.

"ఎలా ఉంది మేస్త్రీ?" అన్నారు పైకి చూస్తూ.

"గట్టిగా ఉందండి."

"అప్పుడూ గట్టిగానే ఉందనుకున్నాం కదూ." అది ఎత్తిపొడుపు కాదు. ఊరికే అన్నారు. బెంచీల మధ్య నుంచి తలుపు వైపు నడవబోయారు.

ఈ గడప దాటితే ఇంక కుదరదు. ఆయన వెళ్ళే చోటికి రెండు రోజుల ప్రయాణం. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"అయ్యగారూ, అది పాతబడి పడలేదండి."

ఆయన ఆగారు.

"పూత వేశాక పది రోజులు నీళ్ళు పట్టాలండి. నేను ఆరు రోజులే పట్టాను. నాలుగు రోజులు ఎండగట్టేశాను. లోపలంతా పిండి అయిపోయింది. పడిన ముక్క నా చేత్తో నలిపి చూశానండి. చూసే, ఊడ్చి పారేశాను."

ఆయన తల పైకెత్తి అంచు వైపు చూశారు. కమాను అంచు నుంచి ఒక నీటి చుక్క కింద చెక్క మీద పడింది. ఇంకొకటి పడింది.

"నాలుగు రోజులు ఎందుకు ఆపావు?"

ఈ ప్రశ్న వస్తుందని మేస్త్రీకి మూడేళ్ళుగా తెలుసు. జవాబు కూడా నాలుక చివరే ఉంది. అమ్మగారు ఆపమన్నారండి. ఆ ఒక్క మాట అంటే సగం బరువు దిగిపోతుంది. దిగి ఎవరి మీద పడుతుందో కూడా కనిపిస్తూనే ఉంది. ఎదురుగా, గుండీ తప్పు కాజాలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు ఆ మనిషి.

"బద్ధకించానండి" అన్నాడు.

"నువ్వా?"

"నేనేనండి."

అయ్యగారు దగ్గరున్న బెంచీ మీద కూర్చున్నారు. అది ఖాళీగా ఉండే ముందు వరసల్లోదని ఆయన గమనించలేదు. "మూడేళ్ళుగా రోజూ తెల్లారగానే మోకాళ్ళ మీద కూర్చుని ఎందుకిలా చేశావని అడుగుతున్నాను మేస్త్రీ" అన్నారు. "అడిగింది నిన్ను కాదు."

మేస్త్రీ తల దించుకున్నాడు.

"క్షమించాను అనాలి నేను. ఇక్కణ్ణుంచి మీ అందరికీ పద్దెనిమిదేళ్ళు అదే చెప్పాను." చేత్తో మొహం తుడుచుకున్నారు. "ఇవాళ నాకు నోరు రావడం లేదయ్యా. అబద్ధం చెప్పి వెళ్ళలేను."

"అనొద్దండి" అన్నాడు మేస్త్రీ.

ఆయన లేచారు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "పుస్తకంలో రాయించు. వచ్చేవాడికి పిల్లలున్నారు" అన్నారు.

పది దాటాక బండి కదిలింది. సామాను తక్కువే. రెండు పెట్టెలు, పుస్తకాల కట్టలు, ఒక మడతమంచం. సంఘంవాళ్ళు పాతికమంది వచ్చారు. టీచరమ్మ కళ్ళొత్తుకుంది. అయ్యగారు అందరి చేతులూ పట్టుకుని పేరుపేరునా చెప్పి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నారు. మేస్త్రీ గేటు చివర నిలబడ్డాడు. ఆయన అతని వైపు రాలేదు. మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఒక చెయ్యి బయటికి వచ్చింది. అది ఎవరి కోసమో ఎవరికీ తెలియలేదు. బండి కనబడకుండా పోయాక కూడా కాసేపు అందరూ అటే చూశారు. తరవాత ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

పెద్దలు ముగ్గురికీ ఇంకా పని ఉంది. కొత్తాయన వచ్చేలోగా పాస్టరు ఇంట్లో ఏమేం బాగుచెయ్యాలో గది గదికీ చూసి రాసుకోవాలి. ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు రెండింతలు వినిపిస్తోంది. గోడల మీద పటాలు తీసిన చోట్ల లేతరంగు చతురస్రాలు మిగిలాయి.

"ముందు ఆ కారణం సంగతి తేల్చు బావా" అన్నాడు కార్యదర్శి, కిటికీ గట్టు మీద పుస్తకం పరిచి.

"రాయి. పూతకు నాలుగు రోజులు నీళ్ళు పట్టలేదు. మేస్త్రీ తప్పు."

కార్యదర్శి కలం ఆగింది. టీచరమ్మ చీపురు కూడా ఆగింది.

"నీకేమైనా పిచ్చా? ఇది చదివినవాడు రేపు నిన్ను గోడ కట్టడానికి పిలుస్తాడా? పెద్దల బెంచీ మీద కూర్చోనిస్తారా? చెల్లెలికి నేనేం చెప్పాలి?"

"రాయి బావా. అయ్యగారికి చెప్పేశాను."

"ఆయనేమన్నారు?"

"రాయించమన్నారు."

కార్యదర్శి మేస్త్రీ మొహంలోకి చూశాడు. వేళాకోళం చేద్దామని నోరు తెరిచి, కుదరక మూశాడు. వంగి రాశాడు. దర్జీ చేతిరాత, కుట్టులా చిన్నగా, వరసగా. టీచరమ్మ చీపురు గోడకు ఆనించింది. వచ్చి మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. ఎందుకు వేసిందో, ఎందుకు తీసిందో అతను అడగలేదు.

వంటింట్లోకి వెళ్ళారు. పంపు కారుతోంది. రాసుకున్నారు. పొయ్యిగట్టు మీద ఒక పలక పగిలింది. రాసుకున్నారు.

"ఈ కిటికీకి గడియ ఊడిపోయినట్టుందే" అంది టీచరమ్మ. "ఎన్నేళ్ళయిందో. తలపిన్ను గుచ్చి ఉంచింది చూడు, మహాతల్లి. ఆయన కూడా తియ్యలేదు."

"ఇది నాకు చెప్పనేలేదే" అన్నాడు మేస్త్రీ. "ఒక పూట పని కూడా కాదు."

"ఆవిడ అడిగే మనిషా తమ్ముడూ? ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడ నోరు తెరిచి ఎవర్నయినా ఒకటి అడగడం నేను చూళ్ళేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా."

మేస్త్రీ ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి. ఆవిడ నోరు తెరిచి అడిగిన ఆ ఒక్కసారి అతని దగ్గరే ఉండిపోయింది.

"గడియ అని రాయనా బావా?" అన్నాడు కార్యదర్శి.

"రాయి. రేపొచ్చి వేస్తాను."

వాళ్ళిద్దరూ పక్కగదిలోకి వెళ్ళారు. మేస్త్రీ కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. వేలి చివర దానికి తగలకముందే వెనక్కి తీసుకున్నాడు.

గడియ ఉండాల్సిన కన్నంలో, రెండు కాళ్ళూ ఎడంగా చాపుకుని, నడుమ దగ్గర కాస్త వంగి, తుప్పు పట్టిన ఆ తలపిన్ను రెక్కను పట్టుకునే ఉంది. దాని వంపులో చిక్కుకున్న ఒక పొడవాటి వెంట్రుక, సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా లేచి, మళ్ళీ ఆనుకుంటోంది.