మెత్తని నీళ్లు

వినీల చేసిన తప్పు చెప్పుకోవాలంటే ముందు ఆ ఫోల్డరు సంగతి చెప్పాలి. రాజమండ్రి శివార్లలో ఆమె పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లో చేసే సిమ్యులేషన్‌ని ఎవరూ మొదటి నుంచి కట్టరు. సీనియర్లు వదిలివెళ్లిన ఫోల్డరు తీసుకుంటారు, పేరు మారుస్తారు, కొలతలు మారుస్తారు, రన్ కొడతారు. మనిళ్లలో పెరుగు తోడు మొదట ఎవరింటి నుంచి వచ్చిందో ఎవరైనా అడుగుతారా? నిన్నటి పెరుగులోంచే ఇవాళ్టి పెరుగు. ఆ ఫోల్డరూ అంతే. వినీలకు ముందు దాన్ని ఎంతమంది తోడేసుకున్నారో ఆ ప్రభువుకే తెలియాలి.

ఈసారి ఆమె దాన్ని వాడింది గోదావరి గట్టున కొత్తగా కడుతున్న ఒక చిన్న ఎత్తిపోతల పథకం కోసం. నది నుంచి నీళ్లు తోడి, కిలోమీటరు పొడవున్న ఇనుప గొట్టంలో కొండ మీదుగా అవతలి పొలాలకు పంపుతారు. ఆమె తమ్ముడు సుకుమార్ అక్కడ సైట్ ఇంజినీరు. పంపులు జోరుగా నడుస్తుండగా కరెంటు ఠక్కున పోయిందనుకోండి, కొండ నెత్తిన నీరు రెండుగా తెగిపోతుంది. ఆ ఖాళీలోకి గొట్టం మీది వాల్వు గాలిని పీల్చుకుంటుంది. కాసేపటికి రెండు వైపుల నీళ్లూ వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ దెబ్బను గొట్టం తట్టుకోవాలి. గాలినీ నీటినీ కలిపి చేయాల్సిన ఆ లెక్క వినీల చేసింది. గొట్టం ఓర్చుకోగలిగింది పన్నెండు బార్ల ఒత్తిడి. లెక్కలో వచ్చింది పదకొండు. తట్టుకుంటుందని రాసి సంతకం పెట్టేసింది. గురువారం పరీక్ష. పంపులన్నీ పూర్తిగా నడిపి, కావాలనే కరెంటు తీసేస్తారు. కొండ మీద ఒత్తిడి కొలిచే గేజి పక్కన నిలబడేది సుకుమార్.

మంగళవారం మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, నీ కంప్యూటరుకి కాస్త బద్ధకం ఎక్కువే! ఇవాళ పంపు దగ్గర చిన్న వాల్వు మూసి చూశాం. ఆ దెబ్బ నువ్వు చెప్పినదాని కన్నా ముందే కొండ మీదకొచ్చేసింది."

"గేజీలు సరిగ్గా పెట్టుండర్రా మీరు."

"మార్చి మళ్లీ చూశామే. మా పెద్దసారు సత్యప్రసాద్ గారు దగ్గరుండి చూశారు. అదే వరస."

వినీలకు ఒళ్లు మండింది. తమ్ముడు తప్పు పట్టడమా! వాడి నోరు మూయించాలనే పంతంతోనే ఫోల్డరు తెరిచి, నీటి గుణాలు రాసే చోటికి వెళ్లింది. సాంద్రత సరిగ్గానే ఉంది. దాని కిందనే నీరు ఎంత గట్టిదో, అంటే నొక్కితే ఎంత కుదించుకుంటుందో చెప్పే అంకె ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఆ అంకె వైపు కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు చూసింది.

అది నీళ్లది కాదు. నీటి గట్టిదనంలో సగం కూడా లేదు. ఎవరో సీనియరు ఎప్పుడో గేటు తెరిస్తే నీరు ఎలా చిమ్ముతుందో చూడ్డానికి, లెక్క తొందరగా తెమలాలని నీటిని మెత్తగా చేసుకున్నాడు. ఆ పనికి అది చాలు, తప్పు కూడా కాదు. తర్వాత వచ్చినవాళ్లందరూ ఆ మెత్తని నీళ్లనే తోడేసుకుంటూ పోయారు. కానీ నీరు మెత్తబడితే అందులో ఒత్తిడి నెమ్మదిగా నడుస్తుంది, దెబ్బా మెత్తగానే తగులుతుంది. వినీల తన తమ్ముణ్ణి ఎక్కడా లేని నీళ్లను నమ్మి కొండ మీద నిలబెట్టబోయింది.

సరైన అంకె వేసి, గొట్టం సాగే సాగుదలనూ సరిచూసి, మళ్లీ నడిపించింది. పదహారు వచ్చింది.

లాబ్‌లో సూది లేని సిరంజి ఒకటి ఉంటే దాన్నిండా నీళ్లు పట్టి, మూతి వేలితో మూసి, బలంకొద్దీ నొక్కింది. కదల్లేదు. కదిలిందని ఆమెకు తెలుసు, కంటికి ఆననంత. ఆ కాస్త కదలికే కిలోమీటరు పొడవునా కూడితే, గుద్దుకున్న క్షణాన గొట్టంలో నీరు మూరన్నర కుదించుకుంటుంది. పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్లు, కాలవల్లో ఈదిన నీళ్లు, బాప్తిస్మం పొందిన నీళ్లు. వాటి లోపల ఇంత బలం ముడుచుకుని కూర్చుందా? ఆమెకు భయం వేసింది. ఆ భయంలోనే చెప్పలేనంత ఆశ్చర్యం కూడా, ఆదివారం గుళ్లో పాట అందుకున్నప్పుడు ఒళ్లు జలదరించినట్టు.

సత్యప్రసాద్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"రిపోర్టు మీరే కదమ్మా ఇచ్చారు?"

"నేనేనండి. తప్పు ఇచ్చానండి."

"గురువారం పెద్దవాళ్లంతా వస్తున్నారండి. ఇప్పుడు ఆపమంటే ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"ఆపొద్దండి. సగం ప్రవాహంతో చేయండి. కొండ మీద మాత్రం ఎవర్నీ ఉంచకండి, గేజికి కెమెరా పెట్టండి. నా పాత లెక్క నిజమైతే ముల్లు ఏడు దాటదు. కొత్తది నిజమైతే తొమ్మిదికెళ్తుంది. ఏ లెక్క నిజమో నీళ్లే చెప్తాయండి."

"సరేనమ్మా. మీరూ వచ్చి నిలబడండి," అన్నారాయన.

గురువారం పంపుహౌసులో అందరి కళ్లూ కొండ మీది కెమెరా చూపిస్తున్న తెర మీదే. వచ్చిన పెద్దలు సగం పరీక్షేమిటని గొణుక్కుంటున్నారు. సుకుమార్ కూడా మొహం ముడుచుకునే ఉన్నాడు, కొండ మీదికి పోనివ్వలేదని. కరెంటు తీసేశారు. పంపుల రొద తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఏమీ జరగలేదు. ఎవరో నవ్వబోయారు. అంతలో కొండ లోపల్నుంచి ధన్‌మని ఒక మోత పుట్టి, గొట్టం వెంట వచ్చి, కాళ్ల కింద కాంక్రీటును ఊపింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. తెర మీద ముల్లు ఎగిరి, తొమ్మిదిని తాకి, వణుకుతూ వెనక్కి వచ్చింది.

"సగానికే తొమ్మిది," అన్నారు సత్యప్రసాద్ గారు. ఆ పైన ఆయన లెక్క కట్టలేదు. కట్టాల్సిన అవసరం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

తెర మీద గేజి పక్కన ఖాళీగా ఉన్న సిమెంటు గట్టును సుకుమార్ అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వచ్చి, చిన్నప్పుడు తిరునాళ్లలో పట్టుకున్నట్టు అక్క మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కా, అంతా... ఉట్టి నీళ్లేనా?"

"నీళ్లేరా," అంది వినీల. వాడి చేతిని గట్టిగా నొక్కింది, వాడు అబ్బా అనేదాకా.