తాళం ఎవరి దగ్గర?

యువ నాయకుల అంతర్జాతీయ సదస్సుకు అకౌంటెంట్ల తరఫున తనను ఎంపిక చేశారని తెలిసి, చిన్న ఆడిటరు హడలిపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు ముచ్చెమటలు పోస్తాయి.

"బీరువా సర్దుకోవడం చేతకాదు గానీ నాయకురాలివయ్యావే," అంటూ అమ్మ మురిసిపోతూనే ఆమె పెట్టె సర్దింది.

సదస్సులో ఆమెను ఒక డాక్టరు, ఇంజినీరు, పైలట్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, కార్మికుల పేటకు గ్రంథాలయం ఎలా ఉండాలో గంటలో చెప్పమన్నారు. ఇంజినీరు గాజు గోడలు గీశాడు. అవి వద్దని డాక్టరమ్మ వాదించింది. పైలట్ ఇద్దరికీ సర్దిచెప్పలేక తల పట్టుకున్నాడు.

"తాళం ఎవరి దగ్గర ఉంటుందండీ?" అంది చిన్న ఆడిటరు మెల్లగా.

ఇంజినీరు పెన్సిల్ ఆగింది. "ఏ తాళం?"

"తలుపుది. గోదాము ఆడిట్‌కి వెళ్తే మేం మొదట అడిగేది అదే. కార్మికులు పని నుంచి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. అప్పటికే లైబ్రేరియన్ తాళమేసుకుని వెళ్లిపోతే గాజు గోడలెవరికి?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఇంతసేపూ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నారేంటండీ?"

"మీరు ఆగితే కదా."

పథకం చెప్పడానికి ముగ్గురూ ఆమెనే వేదిక ఎక్కించారు. మొదటి వాక్యం వణికింది. రెండోదానికి సభ నవ్వింది. ఆ నవ్వుతో ఆమెకు ఊపిరి అందింది.

దిగగానే అమ్మకు ఫోన్ చేసింది.

"మాట్లాడావుటే?"

"మాట్లాడానమ్మా. టైమైపోయిందని రెండుసార్లు గంట కొట్టారు."