వనజ వంతు ఎండ

ఎర్రనేల మీద ఎండ.

కాలిన పెనం వాసన. పొద్దు ఇంకా నెత్తికి రాలేదు... అప్పుడే వీపు మీద నిప్పు.

నేను ఆడోళ్ల సాలులో కూచున్నాను. వేరుశనగలో కలుపు పీకుతున్నాను.

మా ఊళ్లో కలుపు ఆడోళ్ల పని. బదులుకు బదులు. ఇంటికొక ఆడమనిషి. ఈరోజు నీ చేను, రేపు నా చేను. మనిషిని పంపని ఇంటి చేనుకు ఎవరూ రారు. ఆ చేను గడ్డి పాలు.

నా పెండ్లాం బయమ్మ ఉన్నన్నాళ్లు కలుపుకు బయమ్మ పోయింది. ఆమె కామెర్లతో చచ్చిపోయినాక నా కూతురు వనజ కలుపుకు పోయింది.

ఈ ఏడు నేను వచ్చినాను.

"ఏమప్పా తిప్పయ్యా, చీర యాడ పెట్టొచ్చినావు?" సాలుకు పెద్ద నల్లమ్మ అడిగింది.

"మీ ఆయన కట్టుకోని పోయినాడు. అడిగి తీసుకో."

సాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ నవ్వు నాకు తెలుసు.

బయమ్మకు పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు ఉండేవి. మీసాల బయమ్మ అన్నారు. ఇదే సాలులో, ఇదే నవ్వు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కలుపు పీకింది. ఊపిరాడని ఎండలో — కొంగు తీయలేదు. చచ్చిపోయిన రోజు వీళ్లంతా వచ్చి ఏడ్చినారు. నల్లమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది.

నేను మరిచిపోలేదు. మరిచిపోను.

ఆ వెంట్రుకలే వనజకు వచ్చినాయి. పై పెదవి మీద, గడ్డం కింద. వెంటనే ఆ నవ్వూ వచ్చింది.

వనజ తల్లి లాంటిది కాదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"నాకు సిగ్గు లేదు నాయనా. విసుగు. లేస్తూనే అద్దం ముందర పీక్కునే బతుకు నాకొద్దు. అనంతపురంలో లేజర్ పెడతారంట."

"పోదాం పా" అన్నాను.

డాక్టరు దగ్గరికి శుభ్రంగా పోవాలి కదా. అందుకని ముందురోజే అన్నీ పీకేసుకుంది. కలుపు నుంచి వచ్చిన ముఖం. బస్సులో కిటికీ పక్క సీటు. పామిడి నుంచి అనంతపురం దాకా ఎండ ఆ ముఖం మీదే కూచుంది.

డాక్టరమ్మ దీపం కింద ముఖం తిప్పి తిప్పి చూసింది.

"అన్నీ పీకేస్తే లేజర్ దేన్ని కాల్చాలమ్మా? వేరు లోపల ఉంటేనే పని. పైగా ముఖం ఎండకు కమిలిపోయింది. ఇప్పుడు వేస్తే చర్మం కాలుతుంది, మచ్చలు పడతాయి. నెల రోజులు ఎండ తగలనివ్వకు. పీకొద్దు, గీసుకోవచ్చు. లేజర్ అయ్యాక కూడా ఎండకు పోవద్దు."

"మబ్బుంటే?" అన్నాను.

"మబ్బున్నా ఎండే, పెద్దాయనా. క్రీము రాయాల్సిందే."

మబ్బులో ఎండ ఉంటుందంట.

మబ్బులో వాన ఉంటుందనే నమ్మకమే మాకు లేదు.

తిరుగు బస్సులో వనజ నీడ పక్కన కూచుంది. "కలుపు దినాలు నాయనా. నేను పోకుంటే మన చేనుకు ఎవరొస్తారు? గొడుగు ఈ గాలికి నిలబడదు."

"నీ వంతుకు నేను పోతా."

"మగోళ్లు పోరు కదా."

"నేను పోతా."

కొత్త రేజరు కొన్నాను. సబ్బు నురగ ఎట్ల పట్టించాలో చూపించినాను. చర్మం లాగి పట్టు. చెయ్యి అదరనియ్యొద్దు. ఒకటే అద్దం — రెండు గడ్డాలు.

"నీకంటే నాదే నున్నగా ఉండాది నాయనా."

అవును. ఉండాది.

నా కూతురు నాకంటే బాగా గీసింది. ఈ మాట ఎవరి ముందరైనా చెప్తాను.

సాలు... ఎండ... సాలు... ఎండ.

వేరుశనగ నీడ చీమకు సరిపోతుంది. నాకు కాదు. మెడ మీద తోలు లేచింది. మోకాళ్లు బిగిసినాయి. గడ్డి పట్టుకొని లాగినప్పుడల్లా ఒక మాట అనుకున్నాను. ఇది వనజ ముఖం మీద పడాల్సిన ఎండ. పడలేదు.

"మగోని చెయ్యి సగం చెయ్యే" అనింది నల్లమ్మ. "మీ చేనుకు మనుషులొస్తారని అనుకోవద్దు."

నేను తల ఎత్తలేదు.

నెల గడిచింది. లేజర్ పెట్టినారు. వనజ ఎర్రటి ముఖంతో బయటికి వచ్చింది, కందిరీగ కుట్టినట్లు. "చురుక్కుమనింది, అంతే."

సాయంత్రం నల్లమ్మ గిన్నెతో వచ్చింది. "పసుపు పట్టించి రేపు పొద్దున ఎండలో కూచోబెట్టు. మంట దిగుతుంది."

వాకిలికి అడ్డం నిలబడినాను. "నీ పసుపు నీ కోడలికి పట్టించు."

వెళ్లిపోయింది.

చివరికి మా చేను వంతు వచ్చింది.

తెల్లవారుజామున గట్టు మీద నిలబడినాను. గాలి తప్ప ఎవరూ లేరు. ఒక్కణ్నే కూచున్నాను. గడ్డి నా వైపే చూస్తోంది...

వెనక అడుగుల చప్పుడు. వనజ. నిండు చేతుల చొక్కా. ముఖానికి తెల్లగా క్రీము. మెడలో తుండుగుడ్డ.

"ఇంటికి పో."

"పొద్దు పొడవలేదు కదా నాయనా. డాక్టరమ్మ ఎండ వద్దనింది. చేను వద్దనలేదు."

పక్క సాలు పట్టింది. ఇద్దరం. చలిగాలిలో. నా కూతురు నా కంటే ముందుకు పోయింది. నేను అందుకోలేకపోయినాను. గర్వంగా వెనకబడినాను.

తూర్పు ఎర్రబడుతుంటే నల్లమ్మ వచ్చింది. ఒక్కతే. వనజ ముఖం చూసింది. చాలాసేపు చూసింది. నవ్వలేదు.

"నీది సగం చెయ్యి, పిల్లది ఒకటి. ఒకటిన్నర" అనింది. "రెండుకు ఇంకో సగం తక్కువైంది కదప్పా. అందుకని వచ్చినా."

నేను క్షమించలేదు.

సాలు చూపించినాను. కూచునింది. ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారా... చూడలేదు. మెడ తిప్పలేదు.

కొండ మీద పొద్దు అంచు మెరిసింది.

"లే వనజా. పో."

లేచింది. తుండుగుడ్డ ముఖానికి చుట్టబోయింది. నేనూ లేచి ఆమె వెనక నిలబడినాను. తూర్పుకు వీపు పెట్టి. నా నీడ పడమటికి పోయింది... సాళ్లు దాటి, గట్టు దాటి, ఊరి దారి దాకా.

వనజ గుడ్డ చుట్టుకోలేదు. ఆ నీడలోనే నడిచింది. తల ఎత్తి.

ఎర్రనేల మీద ఎండ.

నీడ కురచ అవుతోంది. ఆమె ఇంకా ఇల్లు చేరలేదు.

నేను నిలబడే ఉన్నాను.