తెల్ల బెల్టుకు పసుపు

మా ఇంట్లో కొత్త గుడ్డ ఏదైనా సరే, కొసకు పసుపు పెట్టనిదే ఎవరినీ కట్టుకోనివ్వను. కరాటే బెల్టు మాత్రం గుడ్డ కాదా? నా మనవరాలు కుసుమది పాత బెల్టు చిరిగిపోతే, పరీక్షకని కొత్త తెల్ల బెల్టు కొన్నాం. పుంగనూరులో బస్సెక్కే ముందు దాని రెండు కొసలకూ ధారాళంగా పసుపు పూశాను. పసుపు బెల్టు కోసం పోతున్న పిల్లకు అంతకంటే శుభం ఏముంటుంది!

మదనపల్లెలో పరీక్ష హాలు దగ్గర సంచి తెరిచి కుసుమ ఘొల్లుమంది.

"అవ్వా! గెలవకముందే పసుపు రంగు కట్టుకుంటే దొంగ బెల్టంటారు! నన్ను లోపలికే రానియ్యరు. మళ్లా ఎండాకాలం దాకా పరీక్ష లేదు!"

నేను ఆపేలోపే కొళాయి దగ్గరికి ఉరికి సబ్బు పెట్టి రుద్దేసింది. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో తొమ్మిదేళ్ల పిల్లకేం తెలుసు? కొసలు రెండూ అక్కడక్కడా పసుపు మిగిలి, తక్కినదంతా ఎర్రగా అయి కూర్చున్నాయి.

పరీక్ష పెట్టే సాల్మన్ రాజు మాస్టరు ఆ తడి బెల్టును ఎత్తి చూశాడు. "తెలుపు, పసుపు, ఎరుపు. ఇదేం బెల్టు పాపా?"

"తప్పు నాదప్పా. పక్క పిల్లది అడిగి కట్టేదా?" అన్నాను.

"ఒకరిది ఇంకొకరు కట్టరాదమ్మా, అది మా పద్ధతి. తెలుపంటే ఇంకా ఏ విద్యా అంటలేదని. మచ్చ లేకుండా రావల్ల."

నాకు ఒళ్లు మండింది. "గుడ్డ ముక్కకు ఇంత రాద్ధాంతమా! బిడ్డ ఏడాదిగా ఎగిరెగిరి తన్నుతాండాది. ఆ కాళ్లను సూడప్పా, బెల్టును యాల సూస్తావు?"

కుసుమ ముక్కు తుడుచుకుంది. "సార్, తెల్ల బెల్టంటే ఏమీ రాదనే కదా? అట్లయితే ఏమీ కట్టుకోకుండానే చేస్తా."

హాలంతా గొల్లున నవ్వింది. మాస్టరుకూ నవ్వాగలేదు. "సరే, రా" అన్నాడు.

బెల్టు లేని కరాటే కోటు టపటపా కొట్టుకుంటుంటే, నా బంగారుతల్లి తన్నిందమ్మా తన్నులు! ఒక్కటీ తప్పలేదు.

మాస్టరు తనే మోకాలి మీద కూర్చుని పసుపు బెల్టు ముడేశాడు. "పొద్దు పొడిచే రంగు పాపా ఇది. ఇంగ మీదికే పోవల్ల."

కుసుమ ఆయనకు నడుం వంచి నమస్కారం చేసింది. తర్వాత అందరినీ దాటుకుని నా ముందుకొచ్చి, అలాగే వంగింది.

"నేర్పినోళ్లకు ఇట్లా వంగల్ల అవ్వా."

"నేనేం నేర్పినానే, అంతా పాడు చేసేది తప్ప?"

"భయపడకుండా మాట్లాడేది నీ దగ్గర్నే నేర్సుకుంటి."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగు బిగించి, ఆ హాలు మధ్యలో నేనూ నా మనవరాలికి నడుం వంచాను.