ఎవాంథియా గుమ్మంలో మొదటి పాదం

కొత్త సంవత్సరం పొద్దున స్ట్రాటిస్ తన వదిన ఇంటి ముందు నిలబడి, తన చేతులతో బిగించిన కెమెరా బెల్లు చేతే చీవాట్లు తింటున్నాడు.

"అక్కడే ఆగు స్ట్రాటీ. ఫ్రోసో ఇంకా రాలేదు," అంది బెల్లులోంచి ఎవాంథియా గొంతు.

"ఆగుతాలే వదినా. మంచు కూడా పడ్డం లేదుగా, ఏం తొందర."

"వెటకారం తర్వాత. ముందా టోపీ చెవుల మీదికి లాక్కో. నాకిక్కడ ఫోన్లో అంతా కనబడుతోంది."

ఏడాదిలో అందరికంటే ముందు గడప దాటి వచ్చే పాదం ఎలాంటిదో, ఆ ఇంటికి ఏడాదంతా అలాగే ఉంటుందని గ్రీసు రేవు ఊరు కవాలాలో చాలామంది నమ్ముతారు. ఎవాంథియా అందరికంటే రెండాకులు ఎక్కువే నమ్ముతుంది. కొన్నేళ్ల కింద ఆ మొదటి పాదం స్ట్రాటిస్‌ది అయింది. ఆ ఏడే వాళ్ల రొట్టెల కొట్టులో పొయ్యి చెడింది, ఇంటి కప్పు కారింది, స్ట్రాటిస్ అన్న లెఫ్టెరిస్ కాలు విరగ్గొట్టుకున్నాడు. పొయ్యి ముసలిదై చెడింది, కప్పు వానలకు కారింది, లెఫ్టెరిస్ పీకలదాకా తాగి మెట్ల మీద జారాడు. అయినా నింద మాత్రం స్ట్రాటిస్ పాదానికే అంటింది. అప్పట్నించీ పక్కింటి పిల్ల ఫ్రోసో వచ్చి కుడికాలు పెడితే గానీ అతనికి లోపలికి పిలుపు లేదు.

ఇదివరకైతే ఇంత అన్యాయంగా ఉండేది కాదు. ఎవాంథియా తలుపు ఓరగా తీసి, ఆ సందులోంచి తేనె బిస్కత్తులు అందిస్తూ, ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. పాపం వదినకి మోకాళ్ల నొప్పులు కదా అని, రేవు దగ్గర ఇలాంటి సామాన్ల కొట్టే నడుపుకునే స్ట్రాటిస్, క్రిస్మస్‌కి ఈ బెల్లు తెచ్చి బిగించాడు. రొట్టెల కొట్టుకి పిండి బస్తాలు తెచ్చేవాళ్లతో కూర్చున్న చోటునించే మాట్లాడొచ్చు, ఫోన్లో నొక్కితే తాళం ఊడొస్తుంది. ఇప్పుడిక ఆవిడ గుమ్మం దాకా రావాల్సిన పనే లేదు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. స్ట్రాటిస్ అయితే తన గోతిని స్క్రూలు బిగించి మరీ తవ్వుకున్నాడు.

చలికి అతను బాధపడలేదు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, తనదనుకునే ఇల్లు అదొక్కటే. ఆ ఇంట్లోకి ఎవరో ముందు వెళ్లి శుద్ధి చేశాక వెళ్లడం అతనికి ముల్లులా గుచ్చుకునేది. ఒక్కసారి, ఒక్క ఏడాది, రా అంటే చాలనుకునేవాడు. నోరు తెరిచి మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఫ్రోసో రాలేదు. తెల్లవార్లూ నాట్యమాడి వచ్చిన పిల్ల దుప్పటి ముసుగేసి పడుకుంది, వాళ్లమ్మ లేపలేక చేతులెత్తేసింది.

తమ్ముడు నిలబడి నిలబడి కట్టెలా బిగుసుకుపోతుంటే లెఫ్టెరిస్ మనసు ఆగలేదు. పెళ్లాం వంటింట్లో ఉన్న సమయం చూసి, కాఫీ కప్పుతో చప్పుడు కాకుండా తలుపు తీశాడు.

"పట్టు, తొందరగా తాగు. మీ వదిన చూస్తే నన్ను కూడా నీ పక్కన నిలబెడుతుంది."

స్ట్రాటిస్ కప్పు అందుకున్నాడో లేదో, లెఫ్టెరిస్ కాళ్ల మధ్యనించి ఏదో గుండ్రంగా గుర్రుమంటూ బయటికొచ్చింది. అది ఇల్లు ఊడ్చే యంత్రం. రోజూ ఈ వేళకి లేచి పని మొదలెట్టమని ఎవాంథియానే దాన్లో టైము పెట్టింది. ఇవాళ పండగని దానికెవరు చెప్పారు? గడప దిగి, రాళ్ల వీధి ఏటవాలున పడి, రేవు వైపు సాగిపోయింది.

లెఫ్టెరిస్ ఒక కాలు ఎత్తి, గడప మీదే గాల్లో ఆపేశాడు. "నేను దిగితే మళ్లీ లోపలికొచ్చే మొదటి పాదం నాదేరా!"

"అడుగు కింద పెట్టావంటే చూడు!" బెల్లు అరిచింది. "నీ పాదం సంగతి నేను పెళ్లినాడే చూశాను. స్ట్రాటీ, పట్టుకో దాన్ని, కింద మెట్లున్నాయి!"

స్ట్రాటిస్ కాఫీ పారబోసుకుని పరుగెత్తాడు. అతని కొట్లో కొన్నదే అది. మెట్టు అంచు కనబడితే ఆగుతుందని తనే హామీ ఇచ్చాడు. తడి రాళ్ల మీద జారే సంగతి ఆ హామీలో లేదు. మెట్ల దగ్గర ముందుకి దూకి, పడి, పొట్టకింద దాన్ని అదిమి పట్టుకున్నాడు. కొత్త ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. అంత జరిగినా అది చక్రాలు తిప్పుతూనే ఉంది.

పసిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని కుంటుతూ తిరిగొచ్చేసరికి, ఎవాంథియా స్వయంగా గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చేత్తో గోడ, ఒక చేత్తో మోకాలు పట్టుకుని. ఫోన్లో చిన్నగా, ముక్కొక్కటే పెద్దగా కనబడే మనిషిని ఇంతసేపూ కసిరింది. ఇప్పుడు ఎదురుగా నెత్తురోడుతున్న మోకాలూ, నీలంగా మారిన పెదవులూ చూసి, ఆవిడ గోడ వదిలేసి గడప అంచు దాకా వచ్చింది.

"భలే దొరికింది!" అన్నాడు లెఫ్టెరిస్ ఉషారుగా. "దాన్ని గడప దగ్గర పెట్టరా. అదే ముందు లోపలికొస్తుంది. మొదటి పాదం దానిది, రెండోది నీది. ఎవరికీ దోషం లేదు."

స్ట్రాటిస్‌కి ఉపాయం నచ్చింది. వంగి యంత్రాన్ని గడప ముందు పెట్టాడు. చార్జింగ్ అయిపోవచ్చిన ఆ యంత్రం వెంటనే ఇంటిముఖం పట్టింది.

ఎవాంథియా చెప్పు కాలు అడ్డం పెట్టింది. అది ఆవిడ చెప్పుని ఢీకొని, వెనక్కి తగ్గి, మళ్లీ ఢీకొంది.

"ఇదేంటే, మళ్లీ ఏమొచ్చింది?" అన్నాడు లెఫ్టెరిస్.

"నా ఇంట్లో మొదట మనిషి అడుగు పెట్టాలి. మన సొంత మనిషి," అంది ఎవాంథియా. "స్ట్రాటీ, కుడికాలు పెట్టి రా."

స్ట్రాటిస్ కదల్లేదు. "వదినా... పొయ్యి మళ్లీ చెడితే?"

"చెడితే బాగు చేస్తావు. అప్పుడు చేసింది ఎవరు, నువ్వు కాదూ? కప్పెక్కి పెంకులు సర్దింది ఎవరు? ఈయన్ని వీపున వేసుకుని ఆసుపత్రికి మోసింది ఎవరు? అవన్నీ వదిలేసి నీ కాలు ఒక్కటే పట్టుకున్నాను నేను. సిగ్గులేని దాన్ని. రా లోపలికి, తలుపు తీసుంటే ఇల్లు చల్లబడిపోతోంది."

స్ట్రాటిస్ ఏదో వేళాకోళం ఆడబోయి, మానేసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కుడికాలు ఎత్తి, గడప దాటాడు. మోకాలు వంగక తూలబోతే వదినే పట్టుకుంది.

ఆవిడ అతని మోకాలు కడిగి కట్టు కట్టింది. ఆ తర్వాతే, అదృష్టానికని లోపల నాణెం పెట్టి కాల్చిన కొత్త సంవత్సరపు కేకు, వాసిలోపిత, బల్ల మీదికొచ్చింది. ఎవాంథియా కత్తి తీసి, కోయబోతూ ఆగి, మరిది వైపు వేలు చూపించింది.

"వచ్చే ఏడు తెల్లారేసరికి ఇక్కడుండు. ఆలస్యం చేశావంటే నేనొప్పుకోను. నువ్వొచ్చేదాకా ఈ ఇంట్లోకి ఎవర్నీ రానివ్వను."